సముద్రానికి చీరలు పరిచిన మనిషి

"మాటల్లో చెప్పలేనంత" అని రాసేయడం రచయితలకున్న సుఖాలన్నిటిలోకీ పెద్ద సుఖం. చెప్పడం చేతకానిచోట ఆ మాట వేసి ముందుకు పోవచ్చు. చదివేవాళ్ళు తమకు తోచింది ఊహించుకుని, ఆ గొప్పతనం మన ఖాతాలో వేస్తారు. నా పెద్ద కథ ఒకదాంట్లో ఆ మాటా, దాని అక్కచెల్లెళ్ళూ పేజీకొకచోట కూర్చుని ఉన్నాయి. ఆ కథను సినిమాగా తీస్తామని ఒకాయన వచ్చేదాకా నాకు దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

నేను కావలిలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. తీరిక దొరికితే భయం కథలు రాస్తాను. మనవాళ్ళకు భయం కథంటే దయ్యం కథే. అన్యాయంగా చచ్చిపోయిన ఆడమనిషి, ఆమె పగ, చివర్లో నిమ్మకాయలతో దిగే మంత్రగాడు. ఆ దయ్యాలంటే నాకు భయం వేయదు సరికదా, కాస్త ముచ్చటేస్తుంది. పగ పట్టాలంటే ముందు మనం ఎవరమో గుర్తుండాలి. చచ్చిన తర్వాత కూడా మనల్ని మరచిపోని మనిషి ఉందంటే అదీ ఒక రకం చుట్టరికమే. నన్ను భయపెట్టేది వేరే ఉంది. నక్షత్రాల దూరాలు బోర్డు మీద రాస్తుంటే, ఆ సున్నాల వరస చూసి పిల్లలు నవ్వుతారు. నాకు మాత్రం ఒక్కోసారి చాక్‌పీస్ పట్టుకున్న చెయ్యి చల్లబడుతుంది. అంత పెద్ద జగత్తుకు మనమీద కోపం లేదు, జాలి లేదు, అసలు మనం ఉన్న సంగతే తెలియదు. ఆ జగత్తులోంచి ఏదో ఒకటి వచ్చి మన నెల్లూరు జిల్లా విడవలూరు ఒడ్డున కూర్చుంటే ఏమవుతుందన్నది నా కథ.

కథలో ఒక పొద్దున సముద్రం వెనక్కి పోతుంది. తడి ఇసుకలో ఏదో మిగిలిపోతుంది. అది జంతువు కాదు, యంత్రం కాదు, దేవుడు అసలే కాదు. ఎవరూ దాన్ని పూర్తిగా చూడలేరు. చూసిన కాస్తా కూడా ఇద్దరు ఒకేలా చెప్పలేరు. అది ఎవరి జోలికీ రాదు. అయినా దాని ఎదుట నిలబడి వచ్చినవాళ్ళ బుద్ధి నిలవదు. నా కథానాయకుడు ఒక భౌతికశాస్త్రం లెక్చరర్. నా పోలికే అని మీకనిపిస్తే నేనేం కాదనను. అతను దాని ఎదురుగా కూర్చుని బోలెడు ఆలోచించి, ఆఖరికి అరుచుకుంటూ సముద్రంలోకి నడిచిపోతాడు.

సినిమా తీస్తానని వచ్చినాయన నెల్లూరులో పెళ్ళి వీడియోలు తీసి, ఆ సంపాదనతో చిన్న సినిమాలు తీసుకునే మనిషి. నలభైకి దగ్గర పడుతున్నాడు. కథంతా కళ్ళకద్దుకున్నట్టు మెచ్చుకుని, నేను పెట్టిన కాఫీ తాగి, తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"కథ బ్రహ్మాండం మేడమ్. ఆ లెక్చరర్ని మాత్రం తీసేద్దాం."

"లెక్చరర్ని తీసేస్తే కథేం మిగిలింది నాయనా?"

"ఆయనకి చానా తెలుసు మేడమ్. అన్నీ తెలిసినోడు భయపడితే చూసేవోళ్ళు ఏం పట్టుకోవాల? ఏమీ తెలీనోడు కావాల. ఊరూరా తిరిగి బట్టలమ్ముకునే మనిషి అనుకోండి. ఆ పొద్దు మూట నెత్తినేసుకోని ఆ ఒడ్డుకి పోయినాడు. అంతే."

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు కథను సినిమాకిచ్చి చూడు అని కూడా అనాల్సింది. వారం రోజులు నేను ఆయన ఫోను తీయలేదు. తర్వాత నాకే అనుమానం వచ్చింది. నా లెక్చరర్ పేజీల కొద్దీ ఆలోచిస్తాడు. ఆలోచనను కెమెరా ఎట్లా పట్టుకుంటుంది? "చెప్పలేనంత" అనే మాటను ఏ లైటు పెట్టి తీస్తారు? కోపం దిగినట్టు కనిపించకుండా జాగ్రత్తపడి, నేనే తిరిగి ఫోన్ చేశాను.

వేషానికి కావలసిన చీరలూ మూటగుడ్డా కొందామని కావలి బజారులో ఒక పాత బట్టల కొట్టుకు పోయాం. మా ఊళ్ళో ముస్లిం కుటుంబాల బట్టల కొట్లు తాతల కాలం నుంచీ ఉన్నాయి. అద్దాల షోరూములు వచ్చి బేరాలు తగ్గాయి గానీ, నేలమీద పరుపులు వేసి, వాటిమీద తెల్ల దుప్పటి పరిచి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే మర్యాద అక్కడ ఇంకా మిగిలి ఉంది. కొట్టు ఆయన డెబ్బై దాటిన మనిషి, అందరికీ భాయ్. బక్కపలచని ఒళ్ళు, తెల్లగడ్డం, ఇంత వెడల్పు నవ్వు. మాకు కావలసింది రంగు వెలిసిన పాత సరుకని చెప్పేలోపే ఆయన చీరలు విసరడం మొదలుపెట్టాడు. ఒక కొస చేతిలో ఉంచుకుని విసిరితే చీర గాల్లో మడత విప్పుకుని, సరిగ్గా మన మోకాళ్ళ దగ్గర కొంగు తెరుచుకుని ఆగుతుంది.

"చేత్తో పట్టి చూడండమ్మా. చూస్తే పోయేదేముంది, కొనమన్నామా?"

వద్దన్నకొద్దీ ఆయనకు ఉత్సాహం ఎక్కువైంది. మన కళ్ళు ఏ రంగు మీద కాస్త ఎక్కువసేపు నిలిచాయో కనిపెట్టి, ఆ రంగుకు దగ్గరగా ఉండే ఇంకోటి తీస్తాడు. అదీ వద్దంటే ఆ నవ్వు చెక్కుచెదరదు. మా దర్శకుడు చీరలు చూడ్డం మానేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, "మూట కోసరం వస్తే మనిషే దొరికినాడు మేడమ్," అన్నాడు.

భాయ్ మొదట పడీపడీ నవ్వాడు. ఈ వయసులో నాకు వేషాలేంది, మనవళ్ళు ఎగతాళి చేస్తారు అన్నాడు. మర్నాడు ఆయనే మా ఇంటికి వచ్చాడు. ఒప్పుకుంటాను గానీ ఒక్క మాట ఇవ్వాలన్నాడు.

"సినిమా అయినాక మన కావలిలో హాల్లో ఒక ఆట వెయ్యాల. పెద్ద తెర మీద. మా ఇంటామెని తీసకొచ్చి కూచోబెడతా."

ఆయన భార్యకు కొంతకాలంగా మతిమరుపు జబ్బు. అన్నీ పోయి పోయి, చివరికి మొగుడు కూడా గుర్తులేకుండా పోయాడు. ఒకప్పుడు ఆమెకు సినిమాలంటే పిచ్చట. ఎంత గడ్డం అతికించినా, ఏ వేషం కట్టినా, తెరమీద మనిషి కనపడగానే ఫలానా వాడని ఇట్టే పట్టేసేదట. ఆ సంగతి చెబుతుంటే భాయ్ ముఖంలో ఎక్కడలేని గర్వం కనిపించింది.

"డాక్టర్లు ఇంక రాదన్నారు. రాకపోతే రాకపోనీండి. ఇంట్లో కనపడని నేను తెరమీదన్నా కనపడతానేమో, ఒక్కసారి చూసుకుంటానమ్మా."

మాటిచ్చాం. మా సినిమాకు అప్పటికింకా కెమెరా కూడా కుదరలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆట మాత్రం ఖాయమైంది.

విడవలూరు దాటి, రొయ్యల గుంటల గట్ల వెంట పోతే సరుగుడు తోపు వస్తుంది. ఆ తోపు వెనక ఒడ్డున షూటింగ్ పెట్టారు. పడవలు ఒడ్డుకు లాగిన జాలర్లూ, వాళ్ళ ఆడవాళ్ళూ, గుంటల కాపలావాళ్ళూ చుట్టూ చేరారు. ఆ వచ్చినదేదో కూర్చుని ఉండాల్సిన చోట దర్శకుడు ఒక వెదురుగడ పాతించి, కొసన ఎర్రగుడ్డ కట్టించాడు. నటించేవాళ్ళ చూపు అక్కడ నిలవడానికి. భాయ్ ఆ గడ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఇంతకీ ఎవురు సార్ వొచ్చింది?"

"ఎవురూ కాదు భాయ్. అదేందో ఎవురికీ తెలీదు."

"ఆడమనిషా, మగమనిషా?"

"రెండూ కాదు."

"మనమీద ఏమన్నా కోపమా?"

"కోపం గీపం ఏమీ లేదు. అసలు మీరు ఎదురుగ్గా ఉండారన్న సంగతే దానికి తెలీదు. మీరు ఎంత మొత్తుకున్నా తెలీదు. ఆ భయం తట్టుకోలేక అరస్తారు. గొంతు చించుకోని అరవాల భాయ్, సినిమా అంతా ఆ అరుపులోనే ఉంది."

భాయ్ ఆ ఎర్రగుడ్డ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత "అర్థమైంది సార్," అని మూట అందుకున్నాడు.

కెమెరా నడుస్తోంది. ఆయన తోపులోంచి వచ్చి, ఆ గడకు అంత దూరంలోనే చెప్పులు విడిచాడు. అది ఎవరూ చెప్పలేదు. తడి ఇసుకలో మఠం వేసుకుని కూర్చుని, మూట విప్పి, తలెత్తి నవ్వాడు. కొట్టులో మా ముందు నవ్విన నవ్వే.

"ఇంకా బోణీ కాలేదండి. మీ చేత్తో బోణీ చెయ్యాల."

మొదటి చీర విసిరాడు. అది ఇసుక మీద కొంగు తెరుచుకుని ఆగింది. "వెంకటగిరిది. చేత్తో పట్టి చూడండి," అన్నాడు. అని, ఎదుటివాళ్ళ చెయ్యి ఎక్కడుంటుందో అక్కడికి చూశాడు. చెయ్యి లేదు. నవ్వు అట్లాగే ఉంది గానీ కళ్ళు కాస్త తడబడ్డాయి. "సరే, పట్టుకోనక్కర్లేదు, చూడండి చాలు," అన్నాడు.

జనం నవ్వారు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. నా కథలోని మహాభయం సంతలో చీరల బేరం అయిపోయిందే అని దర్శకుడికేసి కొరకొరా చూశాను. ఆయన ఆపమని చెప్పబోయి ఎందుకో ఆగాడు.

భాయ్ ఇంకో చీర విసిరాడు, దానిమీద ఇంకోటి. ఎదురుగా ఉన్నదాని కళ్ళు ఎక్కడున్నాయో ఆయనకు తెలియడం లేదు. కాస్త పైకి చూసి, అక్కడున్నాయనుకుని సంతోషంగా తల ఊపుతాడు. కాదని తెలిసి కిందికి చూస్తాడు. పక్కకు వంగి చూస్తాడు. ప్రతిసారీ "ఆఁ, ఇది నచ్చినట్టుంది మీకు," అంటాడు. ప్రతిసారీ నచ్చలేదని అర్థమై, నవ్వుతూనే ఇంకోటి తీస్తాడు. నవ్వు మాత్రం ఒక్కసారి కూడా తగ్గలేదు. అది తగ్గితే బాగుండునని నాకు అనిపించడం మొదలైంది. జనంలో నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు.

మూట ఖాళీ అయింది. భాయ్ మూటగుడ్డ పరిచాడు. భుజం మీది తువ్వాలు తీసి పరిచాడు. కాసేపు చేతులు చూసుకుని, చొక్కా గుండీలు ఒకటొకటే విప్పి, చొక్కా తీసి, కొట్టులో దులిపినట్టే దులిపి, ఆ చీరల పక్కన పరిచాడు. "ఇది కూడా ఉందండి," అన్నాడు. ఉత్త ఒంటితో, ఎముకలు తేలిన రొమ్ముతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నవ్వుతూ ఎదురుచూస్తూ కూర్చున్నాడు. వెనక అలలు వచ్చి పోతున్నాయి. చేపలు ఎండబెట్టుకునే ఒకామె ఉండబట్టలేక, "ఆపండయ్యా సామీ, ఆ పెద్దాయన్ని లేపండి!" అని కేకేసింది.

దర్శకుడు పరుగెత్తిపోయి చొక్కా కప్పాడు. "బాగా చేసినారు భాయ్. అయితే అరవలేదేంది?" అన్నాడు.

"అరిస్తే వొచ్చినోళ్ళు బెదిరిపోతారు గదా సార్," అన్నాడు భాయ్.

మనవాళ్ళకు నటనలో "అతి" అన్నది తిట్టు. ఏ నటుడన్నా కళ్ళు కాస్త పెద్దవి చేస్తే చాలు, అతి చేశాడంటాం. నేనూ అనేదాన్నే. పక్కింటి గొడవనో, పెళ్ళి చూపులనో చూపించేటప్పుడు కొలత ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. కొలతకే లొంగనిదాని ఎదుట కొలిచి నటిస్తే అది అబద్ధం అవుతుంది. ఇటువంటి సినిమాల్లో పెద్ద చిక్కు ఏమిటంటే, అసలుదాన్ని చూపిస్తే తుస్సుమంటుంది. ఎంత ఖర్చు పెట్టి చేసినా అది రబ్బరు బొమ్మే. చూపించకపోతే ప్రేక్షకుడికి మిగిలేది ఒక మనిషి మొహం. ఆ మొహం ఎంత వింతగా ఉంటే ఎదుటిది అంత పెద్దదని మనకు తెలుస్తుంది. అయితే ఆ వింత ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాకూడదు. భాయ్ చేసింది అతే. షర్టు విప్పి సముద్రానికి అమ్మజూపడం కన్నా అతి ఏముంటుంది? కానీ అందులో ప్రతిదీ ఆయన జీవితమంతా కొట్టులో చేసిన పనే. బేరగాడి ముందు విసుగు చూపకూడదు, కొనకపోయినా చిన్నబుచ్చకూడదు. ఆ మర్యాదను ఆయన లోకం చివరిదాకా లాక్కుపోయి చూపించాడు. నా పేజీల కొద్దీ ఆలోచనలకన్నా ఆ ఒక్క నవ్వు గొప్పదని ఒప్పుకోవడానికి నాకు పెద్ద కష్టం అనిపించలేదు. రాసినదాన్ని నేనే కాబట్టి తేడా నాకే బాగా తెలిసింది.

పెట్టుబడి పెట్టినాయనకు తెలియలేదు. ఆయన రొయ్యల మేత వ్యాపారి, సినిమా అంటే ఇష్టమున్న మంచి మనిషే. తీసినంతవరకు చూసి, "ఇదేందిబ్బా, చీరల ప్రకటన మాదిరి ఉంది! జనం నవ్వతారు," అన్నాడు. హైదరాబాదు నుంచి కాస్త పేరున్న నటుణ్ణి పెట్టి మళ్ళీ తీయాలి, ఎదురుగా ఉన్నదాన్ని కంప్యూటర్లో చేయించి చూపించాలి, కాళ్ళు బోలెడు ఉండాలి అని ఆయన కోరిక. దర్శకుడికి మింగలేక కక్కలేక అయింది. సంగతి భాయ్‌కి చెప్పే పని నా నెత్తిన పెట్టాడు, నాకు నోరుందని.

భాయ్ ఇల్లు కొట్టు వెనక సందులోనే. పొద్దున పోయేసరికి తలుపు తెరిచే ఉంది. వసారాలో మంచం మీద ఒక పెద్దావిడ తెల్ల చున్నీ తలమీదికి కప్పుకుని కూర్చుని ఉంది. ఆమె ఎదుట చాప మీద భాయ్, ఆయన చుట్టూ చీరలు. నన్ను చూసి కూర్చోమన్నట్టు కళ్ళతోనే సైగ చేసి, ఇంకో చీర విసిరాడు.

"ఇది కొత్తగా వొచ్చిందమ్మా. చేత్తో పట్టి చూడండి."

ఆమె పట్టి చూసింది. "బాగుందన్నా. అన్నీ బాగుండాయి. ఇంక పెట్టెయ్, మడతలు చెడతాయి," అంది, ఇంటికొచ్చిన వ్యాపారితో మర్యాదగల ఇల్లాలు మాట్లాడినట్టే.

భార్య నోటి నుంచి "అన్నా" అన్న పిలుపు వింటూ ఆయన నవ్వుతున్నాడు. ఒడ్డున చూసిన నవ్వే అది. దాన్ని ఎక్కడి నుంచి తెచ్చాడో నాకప్పుడు అర్థమై, ఎటు చూడాలో తెలియక గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత కొట్టులో టీ తెప్పించి ఆయనే చెప్పాడు. మొదట్లో నేను నీ మొగుణ్ణి అని రోజూ చెప్పేవాడట. ఇంట్లోకి ఎవడో జొరబడ్డాడని ఆమె హడలిపోయి, కేకలు పెట్టి, తలుపు చాటున నక్కేదట. కోడలు వచ్చి ఊరుకోబెట్టాల్సి వచ్చేది. ఒకరోజు కొట్టులోంచి కొన్ని చీరలు చేతబట్టుకుని ఇంట్లోకి పోతే, బట్టలాయన వచ్చాడనుకుని ఆమె శాంతంగా కూర్చుని చూసింది.

"అప్పుట్నించి నేను బట్టలాయన్నే. మొగుణ్ణని చెప్పి బెదరగొట్టేదానికంటే, బట్టలాయనగా ఎదురుగ్గా కూచోడం మేలు గదమ్మా? గంటసేపు మాట్లాడుకుంటాం. అన్నీ బాగుండాయంటది. ఒక్కటీ తీసుకోదు. ఎందుకు తీసుకోదో నాకు తెలీదు."

చెప్పాలని పోయిన మాట చెప్పకుండానే లేచాను. సందు మలుపు తిరగ్గానే దర్శకుడికి ఫోన్ చేసి, "భాయ్‌ని తీసేస్తే నా కథని కూడా తీసెయ్. ఆయన లేకుండా ఒక్క అక్షరం నీకు ఇచ్చేది లేదు," అన్నాను. గొంతు పెద్దది కాబట్టి బజారంతా విన్నది. అట్లా ఆ కబురు భాయ్‌కి కూడా చేరిపోయింది. సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు గానీ, తన వేషం గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

"మన కావలి ఆట మాత్రం ఉంటది గదమ్మా?"

ఉంటుందని చెప్పాను. అందులో ఆయన లేకపోతే ఆ ఆట దండగని మా ఇద్దరికీ తెలుసు.

నేనెంత బెదిరించినా, పెట్టుబడి ఆయన మంకుపట్టుతో హైదరాబాదు నటుడు రానే వచ్చాడు. ఈసారి షూటింగ్ ముత్తుకూరు దగ్గర ఒడ్డున పెట్టారు. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడితే ఇంకా భయంగా ఉంటుందని పెట్టుబడి ఆయన ఆలోచన. మా జిల్లావాళ్ళం వాటికి ఎప్పుడో అలవాటు పడిపోయాం. నేను ఆ నటుణ్ణి తిట్టుకోవడానికి సిద్ధపడి పోయాను గానీ, తిట్టే అవకాశం ఇవ్వలేదు ఆయన. ముందు భాయ్ చేసింది చూపించమన్నాడు. వ్యానులో కూర్చుని రెండోసారి కూడా చూశాడట. దిగివచ్చి, చీర విసరడం నేర్పమన్నాడు. విసిరితే ముద్దగా పోయి పడింది. తర్వాత ఆయనకు చెప్పినట్టే అరిచాడు. బాగా అరిచాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి, నాక్కూడా గుండె ఝల్లుమంది. అయినా అది అయ్యాక మేమంతా టీ తాగగలిగాం. విడవలూరులో భాయ్ లేచాక ఎవరూ టీ ముట్టలేదు.

ఆ సంగతి ఆయనకూ తెలిసిపోయింది కాబోలు. టీ గ్లాసు పెట్టేసి నేరుగా పెట్టుబడి ఆయన దగ్గరకు వెళ్ళాడు.

"భయపడ్డం నేను చూపించగలను సార్. ఆయన భయాన్ని మర్యాదతో కప్పిపెట్టడం చూపిస్తున్నాడు. అది నావల్ల కాదు. ఆయన్ని ఉంచండి, పేరు కావాలంటే వేరే చిన్న వేషంలో నన్ను పెట్టుకోండి."

తనంత తానే వేషం వదులుకున్న నటుణ్ణి నేను అదే మొదటిసారి చూశాను. ఆ మనిషికి ఆరోజే మనసులో దండం పెట్టుకున్నాను. మేత వ్యాపారి కూడా మెత్తబడ్డాడు. బోలెడు కాళ్ళు రద్దయ్యాయి. వెదురుగడను కంప్యూటర్లో తుడిచేశారు, ఇప్పుడు సినిమాలో భాయ్ ఎదుట తడి ఇసుక తప్ప ఏమీ లేదు.

కావలిలో ఒక పాత హాల్లో పొద్దుటి ఆట వేశారు. బజారు వర్తకులు, మా కాలేజీ పిల్లలు, విడవలూరు నుంచి ఆటోల్లో వచ్చిన జాలర్లు, అందరితో హాలు నిండింది. భాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి మధ్య వరసలో కూర్చోబెట్టాడు. ఒక పక్క ఆయన, ఇంకో పక్క నేను. "నువ్వు కూడా చూస్తావా అన్నా?" అని ఆమె ఆయన్ను అడిగింది. "చూస్తానమ్మా," అన్నాడు. దీపాలు ఆరిపోయాయి. ఆయన తెర చూడలేదు. ఆటంతా ఆమె మొహమే చూశాడు.

తెర మీద ఆయన తోపులోంచి వచ్చాడు. అంత పెద్ద మొహం, అదే గడ్డం, అదే నవ్వు. ఆమె కళ్ళు తెరకు అతుక్కుపోయాయి, పెదాలు కదిలాయి. చీరలు పడుతున్నాయి. మూట ఖాళీ అయింది. తువ్వాలు పడింది. గుండీలు విప్పుతున్నాడు. చొక్కా దులిపి పరిచి "ఇది కూడా ఉందండి" అన్నాడో లేదో, ఆమె చప్పున ముందుకు వంగి తెర వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఏమీ లేని ఆ తడి ఇసుకను గట్టిగా కేకలేసింది.

"ఏం మనుషులమ్మా మీరు! పాపం అప్పుట్నించి చూపిస్తానే ఉండాడు. ఒక్కటన్నా తీసుకోకూడదా?"

ఎవరూ నవ్వలేదు. నా నక్షత్రాలనూ నా సున్నాలనూ అంత సూటిగా ఎవరూ నిలదీసి ఉండరు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. భాయ్ మాత్రం ఏడవలేదు. ఆమె ఎవరిని చూసి జాలిపడిందో ఆమెకు తెలియలేదన్న సంగతి ఆయనకు అర్థమైపోయింది. అయినా వదలలేదు. చెవి దగ్గరకు వంగి, కొట్టులో అడిగినట్టే మెల్లగా అడిగాడు.

"మీరు తీసుకుంటారామ్మా ఒకటి? రోజూ చూస్తారు, బాగుండాయంటారు. ఒక్కటీ తీసుకోరేంది?"

ఆమె ఆయన వైపు తిరిగింది. ఇంత మామూలు సంగతి కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"మాదే బట్టల కొట్టన్నా. మా ఆయన ఉండగా ఇంకొకళ్ళ దగ్గిర ఎట్టా కొనేది? తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడు."

తెర వెలుగులో భాయ్ మొహం నాకు బాగా కనపడింది. అప్పటిదాకా తెరమీదా బయటా చూసిన ఆ నవ్వు అక్కడ లేదు.

"నిజమేనమ్మా," అన్నాడు. "కొనొద్దులే."